బానెట్టు మీద నెలవంక

"గన్ను నాకిచ్చినాడు!"

సైకిలుకు స్టాండు వేయడం కూడా మరిచిపోయి, దాన్ని గోడకు ఆనించీ ఆనించకుండా వదిలేసి, మహబూబ్ సుభాని వాకిట్లోంచే అరిచాడు. వెనకాల సైకిలు దభీమని పడింది. అతను తిరిగి చూడలేదు.

పొద్దున పదకొండు గంటలకు ఇంటికొచ్చే మనిషి కాదు. చేటలో బియ్యం ఏరుతున్న ఫాతిమా గబుక్కున లేచింది. చేట ఒరిగి, ఏరిన బియ్యమూ ఏరని బియ్యమూ కలిసిపోయాయి.

"ఏం గన్నురా? పోలీసోళ్ళదా?" అంది అత్త జాన్‌బీ వంటింట్లోంచి.

"రంగు కొట్టే గన్ను అమ్మీ! మేస్త్రీ నా చేతికిచ్చినాడు. డాక్టరమ్మ కారు నేనే కొట్టాల."

ఫాతిమా ఆత్మకూరుకు కాపురానికి వచ్చి సరిగ్గా నలభై రోజులు. ఈ నలభై రోజుల్లో ఆమె అన్నిటికంటే ఎక్కువగా విన్న మాట గన్ను. నెల్లూరు రోడ్డులో జనార్దనయ్య మేస్త్రీ రంగుల షెడ్డులో సుభాని ఏడేళ్ళుగా పనిచేస్తున్నాడు. రుద్దడం అతని పని, లప్పం పెట్టడం అతని పని, మళ్ళీ రుద్దడమూ అతని పనే. రంగు కొట్టే వేళకు మాత్రం గన్ను మేస్త్రీ చేతిలో ఉంటుంది. సుభాని వెనకాల నిలబడి, గాలి పైపు బండికి తగలకుండా ఎత్తి పట్టుకుంటాడు. బండి తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళు ఎవరు చేసినారని అడిగితే, మేస్త్రీ మీసం తుడుచుకుని "మనమే" అంటాడు. ఆ మనంలో సుభాని ఎప్పుడూ లేడు.

అన్నం తింటూ తింటూ మధ్యలో ఆగిపోయి, నీళ్ళ గ్లాసును గాల్లో కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి తిప్పుతుంటాడు. మొదటిసారి చూసినప్పుడు మా ఆయనకు ఇదేం జబ్బో అని ఫాతిమా భయపడింది. ఇప్పుడు ఆ గ్లాసు ఎప్పుడు లేస్తుందా అని ఎదురుచూస్తుంది.

"ఆయన ఊరికే ఎందుకిస్తాడు?" అంది జాన్‌బీ, గరిటె పట్టుకుని గడప దగ్గరికి వచ్చి.

సుభాని మెట్టు మీద కూర్చుని చెప్పాడు. డాక్టర్ చెంచులక్ష్మి గారి చిన్న కారు బాడీ రేకు కాదు, ఫైబరు. పోయినవారం ఉదయగిరి నుంచి వస్తుంటే గేదె అడ్డమొచ్చింది. గేదె లేచి నడిచి వెళ్ళిపోయింది. కారు ముందరి మడ్‌గార్డు చీలింది, బానెట్టు కుండపెంకుల్లా పగిలింది. బెంగుళూరు నుంచి కొత్త బానెట్టు బస్సు టాపు మీద వచ్చింది. దానికి ఇంకా రంగు లేదు. రేకయితే సుత్తి తట్టి చక్కజేస్తారు, కాలిస్తే పాత రంగు ఊడుతుంది. ఈ ఫైబరు సుత్తికీ లొంగదు, మంటకూ ఓర్చుకోదు.

"ఈ గోల నాకొద్దన్నాడు మేస్త్రీ. గురువారం సాయంత్రానికి కావాల. శుక్రవారం శుక్రవారం ఆమె ఉదయగిరిలో పేషెంట్లను చూడబోతాది గదా. బాగొస్తే గన్ను ఇంక నీ చేతిలోనే ఉంటాది, చెడిపోయిందా, బానెట్టు నెల్లూరు పంపించేస్తా, మళ్ళీ జన్మలో నా దగ్గిర గన్ను మాట ఎత్తబాక అన్నాడు."

"భయపడి ఇచ్చినాడ్రా! చెడితే నీ పేరు, బాగొస్తే ఆయన పేరు."

"తెలుసు అమ్మీ. తెలిసే తీసుకున్నా."

ఫాతిమాకు ఆ మాట ఎంత నచ్చిందంటే, కలిసిపోయిన బియ్యం మళ్ళీ మొదటినుంచి ఏరుతూ, తెలిసే తీసుకున్నా, తెలిసే తీసుకున్నా అని మనసులో పదిసార్లు అనుకుంది.

*

షెడ్డు ముందు లారీల దుమ్ము ఎక్కువని, సాయంత్రం సుభాని బానెట్టును ఇంటికే తెచ్చాడు. ఎలా తెస్తాడా అని ఫాతిమా వీధి తలుపు దగ్గర నిలబడి ఉంది. తువ్వాలు చుట్ట మీద నీళ్ళబిందెను పెట్టుకున్నట్టు, బానెట్టును నెత్తిన పెట్టుకుని నడిచి వస్తున్నాడు. టీ అంగడి మునెయ్య కేక వేశాడు.

"ఏంది సుభానీ, కారు నిన్ను మొయ్యాలగానీ నువ్వు కారును మోస్తుండావు?"

"కొత్తది గదన్నా, నడక నేర్పిస్తుండా!"

ఫాతిమా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

బానెట్టును దించుకునేటప్పుడు తనూ ఒక చెయ్యి వేసింది. అంత పెద్దది ఇంత తేలికా! వేలితో కొట్టి చూస్తే రేకు మోత లేదు, ఎండిన సొరకాయలా బొక్ బొక్ మంది. పైన బూడిదరంగులో నున్నగా ఉంది. కిందికి తిప్పి చూడబోతే సుభాని ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు.

"అడుగున చెయ్యి పెట్టబాక. అంతా గాజునూలు, గుచ్చుకుంటాది."

అప్పుడు చూసింది అతని ముంజేతులు. చీలిన మడ్‌గార్డుకు ఆ మధ్యాహ్నమే గాజునూలు గుడ్డ పరిచి, జిగురుమందు పోసి అతుకు వేశాడట. మోచేతుల దాకా ఎర్రటి పొక్కులు. ఫాతిమా కుండలోని చన్నీళ్ళు చెంబుతో ముంచి, సన్నటి ధారగా పోస్తూ కూర్చుంది. అతను గోకబోయినప్పుడల్లా వేళ్ళ మీద చిన్న దెబ్బ వేసింది. కొత్త దంపతులకు చెంబెడు నీళ్ళతో ఎంత పొద్దు గడిచిపోతుందో చూసి, జాన్‌బీ దీపం తనే వెలిగించుకుంది.

మంగళవారం పొద్దున్నే వేపచెట్టు నీడలో రుద్దుడు మొదలైంది. బకెట్లో నీళ్ళు, నీళ్ళలో నానిన వాటర్ పేపరు, అంటే గరుకు కాగితం. పేపరును ఒక చెక్కముక్కకు చుట్టి, నీళ్ళు చిలకరిస్తూ, సుభాని ఒకే వాటంలో రుద్దుతున్నాడు. తెల్లటి నురగ బానెట్టు అంచుల్లోంచి పాలలా జారుతోంది. ఫాతిమా కాసేపు చూసింది. తర్వాత లోపలికి పోయి, తన పెట్టె అడుగు నుంచి ఒక వస్తువు తెచ్చి అతని ముందు పెట్టింది. అమ్మమ్మ ఇచ్చిన, అరచేతిలో పట్టేంత చెక్క. ఏళ్ళ తరబడి వేళ్ళు పట్టుకుని పట్టుకుని, వేళ్ళ గుర్తులు గుంటలుగా పడ్డాయి.

"మీ చెక్కకు అంచు పదునుగా ఉండాది, గీత పడతాది. ఇది మా నానీది. ఉదయగిరిలో కొయ్య చెంచాలు దీంతోనే రుద్దుతాది. నేను డిగ్రీ చదివినా సరే, ఇది పెట్టెలో పెట్టి పంపించింది."

సుభాని దాన్ని తిప్పి తిప్పి చూశాడు. పేపరు చుట్టి నాలుగుసార్లు రుద్దాడు. పాత చెక్కను బకెట్ అవతలికి విసిరేశాడు.

"నువ్వూ ఒకతట్టు పట్టు" అన్నాడు.

మధ్యాహ్నానికి బానెట్టు మీద మెరుపంతా పోయి, ఆరిన పలకలా అయింది. సుభాని వంగి, వెలుతురుకు అడ్డంగా చూస్తూ, సూదిమొన అంత గుంటలు ఎక్కడున్నాయో వెతికి పెన్సిల్‌తో చుక్కలు పెట్టాడు. నాలుగు దొరికాయి.

"కళ్ళు మూసుకుని చూడండి" అంది ఫాతిమా.

"కళ్ళు మూసుకుని ఎట్ట చూస్తారే?"

"మా నానీ అట్టే చూస్తాది. కన్ను నున్నగా ఉండాదని అబద్ధం చెప్తాదంట. అరచెయ్యి చెప్పదంట."

ఆమె కళ్ళు మూసుకుంది. తడి అరచేతిని బానెట్టు మీద వెన్న రాసినంత మెల్లగా నడిపించింది. ఒకచోట ఆగింది. పెన్సిల్ అడిగింది. ఇంకోచోట ఆగింది. మూడు చుక్కలు పెట్టి కళ్ళు తెరిచేసరికి, సుభాని గుంటలను చూడటం మానేసి ఆమె మొహాన్నే చూస్తున్నాడు.

"ఏడేళ్ళుగా రుద్దుతుండా. కళ్ళు మూసుకోమని ఒక్కడూ చెప్పలా" అన్నాడు.

ఏడు గుంటల్లోనూ బ్లేడుతో లప్పం పెట్టి, ఆరాక మళ్ళీ రుద్ది, థిన్నరు తడిపిన గుడ్డతో తుడిచి, ఉతికిన దుప్పటి కప్పాడు. గన్ను కడుక్కుని వస్తానని షెడ్డుకు వెళ్ళాడు. జాన్‌బీ పక్కింటికి వెళ్ళింది.

ఫాతిమా ఒక్కతే మిగిలింది. సంతోషం ఎక్కువైతే మనిషికి చేతులు ఊరుకోవు. గూట్లో చిన్న సీసా ఉంది. పెళ్ళయిన వారానికి అనుమసముద్రంపేట దర్గాకు పోయినప్పుడు తెచ్చుకున్న దీపం నూనె. మంచి పని మొదలుపెట్టేటప్పుడు ఒక బొట్టు నుదుట రాసుకోమని ఇచ్చారు. నిన్నటినుంచి తలకు కూడా నూనె పెట్టుకోకుండా తిరుగుతున్న సుభాని నుదుటికి రాయనిస్తాడా? పెళ్ళికొడుకు షోకు ఇంకా తీరలేదు కాబోలనుకుని నవ్వుకుంది. దుప్పటి అంచు ఎత్తి, వేలిని నూనెలో ముంచి, బానెట్టు ముందుభాగాన ఎడమపక్క చిన్న నెలవంక గీసింది. దువా చదివింది. ఆనక కొంగుతో సుతారంగా తుడిచేసింది. ఏ గుర్తూ లేదు. దుప్పటి కప్పేసి, ఎవరూ చూడనందుకు మరింత మురిసిపోయింది.

*

బుధవారం ఫాతిమా క్యారియరు తీసుకుని షెడ్డుకు పోయేసరికి, గన్నుకు గాలి పంపే కంప్రెసర్ ముక్కలు ముక్కలుగా నేల మీద ఉంది. సుభాని గాలిలోని నీళ్ళు పట్టే గిన్నెను విప్పి, నాలుగోసారో ఐదోసారో తుడుస్తున్నాడు. జనార్దనయ్య మేస్త్రీ స్టూలు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. బానెట్టు రెండు డ్రమ్ముల మీద ఉంది.

"రెండుసార్లు ప్రైమరు కొట్టినా. రెండుసార్లూ పగిలింది" అన్నాడు సుభాని ఆమె వైపు చూడకుండా. "గాలిలో నూనె వస్తుండాదేమో అనుకున్నా. లేదు. మైనం పోలేదేమో అనుకున్నా. అచ్చులోంచి ఊడి రావాలని మైనం పూస్తారు, దాన్ని సోమవారమే మూడుసార్లు కడిగినా."

"అది కంప్రెసరూ కాదు, మైనమూ కాదబ్బాయ్" అన్నాడు మేస్త్రీ. కోపంగా కాదు, అలసటగా. "చెయ్యి. కొందరి చెయ్యి రుద్దడానికే. నేను డాక్టరమ్మకు ఫోను చేసి చెప్తా, రేపు పొద్దున నెల్లూరు పంపిద్దాం."

ఫాతిమా దగ్గరికి వెళ్ళి చూసింది. బానెట్టంతా బూడిదరంగు ప్రైమరు చక్కగా పరుచుకుంది. ముందుభాగాన ఎడమపక్క మాత్రం రంగు వెనక్కి తగ్గి, గుండ్రటి కళ్ళు కళ్ళుగా విడిపోయింది. కందిగింజంత కళ్ళు. ఆ కళ్ళన్నీ ఒకదాని పక్కన ఒకటి వంపు తిరిగి ఉన్నాయి.

నెలవంక. మంగళవారం సాయంత్రం ఆమె వేలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, సరిగ్గా అక్కడ.

చేతిలో క్యారియరు బరువెక్కింది. సుభాని తలకు నూనె పెట్టుకోకుండా తిరిగింది షోకుకు కాదు, నూనె తగిలితే రంగు పట్టదని. ఆ సంగతి అప్పుడు తెలిసింది.

ఎవరికీ తెలియదు. చెప్పకపోతే ఎన్నటికీ తెలియదు. కంప్రెసరుదో ఫైబరుదో తప్పయి ఊరుకుంటుంది.

సుభాని తన కుడిచేతిని తిప్పి చూసుకుంటున్నాడు. "నా చేతిలోనే ఉండాదేమో మేస్త్రీ" అన్నాడు నెమ్మదిగా.

"మీ చేతిలో లేదు" అంది ఫాతిమా. "నేనే. పేట దర్గా నుంచి తెచ్చిన నూనె. మీ పని బాగా రావాలని నిన్న సాయంత్రం వేలితో రాసినా. అదిగో, ఆడే."

మేస్త్రీ నోట్లోని బీడీ ఆగిపోయింది. సుభాని ఇప్పుడు అరుస్తాడు, అందరి ముందూ అరుస్తాడు, అరిస్తే అరవనీ అనుకుని, ఫాతిమా కళ్ళు దించుకుని నిలబడింది.

"ఎంత దూరం తుడిచినావు?" అన్నాడు సుభాని.

ఆమెకు అర్థం కాలేదు.

"రాసినాక తుడిచినావా? ఎంతవరకు? చెయ్యి పెట్టి చూపించు."

ఆమె జానెడు వెడల్పు చూపించింది. అతను పెన్సిల్ తీసి దాని చుట్టూ మరో జానెడు వదిలి గీత గీశాడు. గీత గీస్తూ గీస్తూ అతని మొహం మారిపోయింది. వెనక్కి తిరిగి, ఏడేళ్ళలో ఎప్పుడూ లేనంత గట్టిగా, "అయితే కంప్రెసరు బాగుండాది మేస్త్రీ! నా చెయ్యీ బాగుండాది!" అన్నాడు.

అతని నవ్వు చూసి ఫాతిమాకు ఏడుపొచ్చింది.

"నవ్వుతావేందిరా?" అన్నాడు మేస్త్రీ. "పొద్దు తిరిగింది. ఎప్పుడు రుద్దుతావు, ఎప్పుడు కొడతావు?"

"రేపు పదింటి దాకా టైమియ్యి."

మేస్త్రీ బీడీని కాలికింద నలిపాడు. "పది" అన్నాడు.

*

బానెట్టు మళ్ళీ నెత్తినెక్కి ఇంటికొచ్చింది. మునెయ్య ఏదో అనబోయి, వెనకాల వస్తున్న ఫాతిమా మొహం చూసి టీ వడగట్టుకున్నాడు.

గీత లోపల ప్రైమరంతా ఊడిపోయేదాకా రుద్దారు. తర్వాత థిన్నరు. జాన్‌బీ తన పాత తెల్లచీర ఒకటి చింపి ఇచ్చింది. సుభాని ఒక ముక్కతో ఒక్కసారే తుడిచి పారేశాడు. మళ్ళీ కొత్త ముక్క. తుడిచిన ముక్కతోనే మళ్ళీ తుడిస్తే, నూనె పోదు, ఊరేగుతుంది. ముక్కలు అందించడం ఫాతిమా వంతు.

"పోయిందో లేదో ఎట్ట తెలుస్తాది?" అన్నాడు సుభాని పదకొండో ముక్క దగ్గర. "మళ్ళీ ప్రైమరు కొట్టినాకగానీ తెలీదు."

ఫాతిమా చెంబు తీసుకుంది. "చెంచాకు ఎవరి చేతి జిడ్డయినా అంటితే మా నానీ నీళ్ళు పోసి కనుక్కుంటాది" అని, బానెట్టును కొంచెం వాలుగా పట్టుకోమని చెప్పి, పై నుంచి నీళ్ళు వదిలింది. నీళ్ళు పలచటి గుడ్డలా జారుతూ వచ్చి, ఆ చోటికి రాగానే చినిగాయి. ముత్యాలు ముత్యాలుగా విడిపోయి పరిగెత్తాయి.

"ఉండాది!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఆరబెట్టి, మళ్ళీ థిన్నరు, మళ్ళీ కొత్త ముక్కలు. ఈసారి వేడినీళ్ళలో నలిపిన కుంకుడు రసం కూడా. మళ్ళీ నీళ్ళు. చినిగింది, కాని తక్కువ. జాన్‌బీ రెండో చీర కూడా తెచ్చి, "ఇంక చీరల్లేవు, మీరే ఆపండి" అంది.

వీధి తలుపు దగ్గర దగ్గు వినిపించింది. జనార్దనయ్య మేస్త్రీ. చెప్పులు విడిచి వచ్చి, వేపచెట్టుకు ఆనుకుని నిలబడ్డాడు. ఫాతిమా మూడోసారి నీళ్ళు వదిలింది. నీళ్ళు జారుతూ వచ్చాయి, ఆ చోటును దాటాయి, అంచు దాకా ఒకే పొరగా వచ్చి నిలిచాయి. అందులో వేపకొమ్మలు, కొమ్మల సందుల్లో సాయంత్రపు ఆకాశం ఎక్కడా తెగకుండా కనిపించాయి.

మేస్త్రీ ముందుకొచ్చాడు. చెంబు అడిగి తీసుకుని, తనే ఒకసారి నీళ్ళు పోశాడు. వంగి చూశాడు.

"ఎవురు నేర్పినారమ్మా ఇది?"

"మా నానీ సుగ్రాబీ. ఉదయగిరిలో చెంచాలు చెక్కుతాది."

"ముప్పై ఏళ్ళుగా ప్రైమరు కొట్టినాకే ఏడుస్తుండా నేను" అన్నాడు మేస్త్రీ, చెంబు కింద పెడుతూ. టీ తాగమంటే ఆగలేదు.

గురువారం పొద్దున సుభాని తొలి ప్రైమరు కొట్టాడు. కళ్ళు పడలేదు. అది ఆరి, నున్నగా రుద్దేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఈలోపు మేస్త్రీ ఎవరూ అడగకుండానే రంగు కలిపి పెట్టాడు. డాక్టరమ్మ కారుది లేత నిమ్మపండు రంగు. ఎండకు మూడేళ్ళు వెలిసిన నిమ్మపండు. డబ్బాలో దొరికే రంగు కాదది. తెలుపులో పసుపు, పసుపులో చీపురుపుల్ల మొనంత నలుపు వేసి, కారు తలుపు పక్కన పట్టి చూసి, మళ్ళీ కలిపి, ఆయన ఆ ఛాయను పట్టుకున్నాడు. తలుపు మీద చుక్క వేస్తే ఆ చుక్క ఎక్కడుందో ఫాతిమా కనిపెట్టలేకపోయింది.

దుమ్ము లేవకుండా నేలంతా నీళ్ళు చల్లారు. క్యారియరు ఎప్పుడో ఖాళీ అయినా ఫాతిమా ఇంటికి పోలేదు. గుమ్మం పక్కన నిలబడింది.

సుభాని గన్ను ఎత్తాడు. గాలి బుస్సుమంది. బానెట్టు అంచుకు అవతలే మొదలుపెట్టి, జానెడు ఎడం తగ్గకుండా పెరగకుండా, మణికట్టు తిరగకుండా, చెయ్యి మొత్తం ఒకే మట్టంలో అవతలి అంచు దాటేదాకా పోయింది. మళ్ళీ వెనక్కి. మొదటి పొరలో సగాన్ని కప్పుతూ రెండోది. నీళ్ళ గ్లాసుతో రోజూ చేసేదే. అన్నం ముందు కూర్చుని గాల్లో గీసిన గీతలన్నీ ఇప్పుడు నిమ్మపండు రంగులో కనిపిస్తున్నాయి. అవన్నీ చూసిన ఏకైక మనిషి తానేనని ఫాతిమాకు గర్వం ముంచుకొచ్చింది.

మూడో వరస కొడుతుండగా పైపు జారి బానెట్టు అంచుకు తగలబోయింది. తగల్లేదు. ఎవరో ఎత్తి పట్టుకున్నారు. ఫాతిమా చూసింది. జనార్దనయ్య మేస్త్రీ. సుభాని ఎటు జరిగితే అటు జరుగుతూ, పైపును రెండు చేతులతో భుజం ఎత్తున పట్టుకుని నిలబడ్డాడు. సుభాని వెనక్కి చూడలేదు. చూస్తే చెయ్యి ఆగుతుంది.

సాయంత్రం ఐదుకు డాక్టర్ చెంచులక్ష్మి ఆసుపత్రి నుంచి నడిచే వచ్చింది. బానెట్టు బిగించి ఉంది. అతుకు వేసిన మడ్‌గార్డూ అదే రంగులో ఉంది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ తిరిగింది.

"ఏది కొత్తదో తెలీడం లేదే! ఎవరు చేసినారు మేస్త్రీ?"

"మనమే" అన్నాడు జనార్దనయ్య అలవాటుగా. మీసం తుడుచుకోవడానికి లేచిన చెయ్యి మధ్యలో ఆగింది. చేతికి పైపు మసి ఉంది. దాన్ని చూసుకున్నాడు.

"సుభాని కొట్టినాడమ్మా" అన్నాడు. "నేను పైపు పట్టుకున్నా."

గన్ను కడుగుతున్న సుభాని తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"రుద్దింది ఈ అమ్మాయి. ఉదయగిరి చెయ్యి" అన్నాడు మేస్త్రీ మళ్ళీ. "నూనె రాసిందీ ఈ అమ్మాయే అనుకోండి. అది మా ఇంటి సంగతి."

డాక్టరమ్మకు నూనె కథ మొత్తం చెప్పించుకునేదాకా మనసు ఊరుకోలేదు. చెప్పినంతసేపూ నవ్వుతూనే ఉంది. జిడ్డును నీళ్ళతో కనుక్కున్న దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపి, "ఆ సుగ్రాబీ ఉదయగిరిలో ఎక్కడుంటుంది?" అని అడిగింది.

"కొండ కింద చెంచాల వీధిలో డాక్టరమ్మా. ఇప్పుడు కళ్ళు సరిగా కనపడవు. చేత్తోనే చూస్తాది."

"అయితే రేపు మీరిద్దరూ నాతో రండి. పొద్దున ఆరింటికి బయల్దేరుతున్నా. ఆమె కళ్ళు నేను చూస్తా, నా కారును ఆమె చూస్తుంది."

సుభాని మేస్త్రీ వైపు చూశాడు. రేపు సోమశిల నుంచి ఒక జీపు రావాలి.

"పో" అన్నాడు మేస్త్రీ. "జీపు మధ్యాహ్నానికిగానీ రాదు. వచ్చినా నువ్వు రాందే మొదలుపెట్టను. గన్ను నీది గదా."

ఇంటికి పోతూ సుభాని సైకిలు నడిపించుకుంటూనే వచ్చాడు, పక్కన ఫాతిమా నడుస్తుందని. వాకిట్లో జాన్‌బీ నూనెగిన్నెతో కాచుకుని ఉంది. ఇంక పనయిపోయింది గదా, రారా తల చూపించు అని కొడుకును మెట్టు మీద కూర్చోబెట్టి, నాలుగు రోజుల బాకీ అంతా మాడు మీద పోసి మర్దనా మొదలుపెట్టింది. సుభాని కళ్ళు మూసుకున్నాడు. ఒళ్ళో అతని కుడిచెయ్యి కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి మెల్లగా కదులుతోంది.

"నాలుగింటికే లేవాల" అంది ఫాతిమా, నానీ చెక్కను తుడిచి పెట్టెలో పెడుతూ. "మనం చెప్పకుండా పోయి బండిని ఆమె వాకిట్లోనే ఆపుదాం. కళ్ళు మూసుకోమని చెప్పక్కర్లేదు. బానెట్టు మొత్తం నానీ చేత తడిమిస్తా."

పెట్టె మూత వేసింది.

"కాకపోతే ముందు సబ్బుతో చేతులు కడిగిస్తా."